కొండమేకకు రెండు కోట్లు, మాగనూరు జింకకు ఎంత? ఒక ఊరి కేస్ స్టడీ

2025 సంక్రాంతి అయిన వారానికి నారాయణపేట జిల్లా మాగనూరు మండలంలోని ఒక ఊరికి వెళ్లాను. రచ్చకట్ట మీద కూర్చోగానే ఒక కుర్రాడు ఫోన్ తీసి వీడియో పెట్టాడు. మంచుకొండ, తుపాకీ పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్న ఒక విదేశీయుడు, అతని ముందు మెలితిరిగిన కొమ్ములతో పడి ఉన్న పెద్ద కొండమేక. పాకిస్తాన్‌లో మార్ఖోర్ వేట అది. ఈ ఒక్క జంతువుకు రెండు కోట్ల రూపాయల పైన కట్టారనీ, అందులో ఎనభై శాతం ఆ ఊరివాళ్లకే వెళ్తుందనీ వీడియో కింద ఎవరో రాశారు.

"ఇది నిజమేనా సారూ?" అని ఒక పెద్దాయన అడిగాడు. నిజమేనన్నాను. "మరి మా చేన్ల పొంటి వందల జింకలున్నయి. రెండు మూడు అట్ల అమ్ముకుంటే ఊరంత బాగుపడదా? గా వేటగాళ్ల సంఘపోళ్లతోని మీరే మాట్లాడరాదు?"

ఆయన వెటకారంగా అడగలేదు. అంతకుముందు వానాకాలంలో ఆయన మూడెకరాల పత్తి రెండుసార్లు విత్తాడు. రెండోసారి మొలిచింది కూడా జింకలు మేయగా సగమే మిగిలింది. పంటలు, అడవి జంతువుల మధ్య తగాదాల మీద పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, అయినా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చట్టం ఒప్పుకోదు అని ఒక్క మాటతో లేచి రావచ్చు. కానీ అడిగినాయనకు అది జవాబు కాదు. నెల రోజులు టైం ఇవ్వండి, చదివి వచ్చి చెబుతానన్నాను. ఆ నెలలో తెలుసుకున్నదీ, ఆ తర్వాతి వానాకాలంలో మేం చేసిందీ ఇక్కడ రాస్తున్నాను.

ఊరు, జింకలు

కృష్ణా నది తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే, తంగిడి దగ్గర. భీమా వచ్చి కలిసేదీ ఆ పక్కనే. నారాయణపేట జిల్లాలోని కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల్లో ఎక్కువగా నల్లరేగడి. పత్తి, కంది, జొన్న వేస్తారు, నీళ్లున్న చోట వరి. ఒకప్పుడు చేన్ల మధ్య గైరాన్లు, అంటే ఊరుమ్మడి మేత భూములు, ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు దున్నేశారు. కృష్ణజింక గడ్డి మైదానపు జంతువు, దట్టమైన అడవిలో బతకదు. మైదానం చేనైపోతే అది చేనులోనే ఉంటుంది, ఇంకెక్కడికీ పోదు. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడమూ నడుస్తుంది కాబట్టి కొందరు దీన్ని చిగరి అంటారు. ముసలివాళ్లు మగదాన్ని ఇర్రి, ఆడదాన్ని లేడి అని వేరు చేసి చెబుతారు.

ఈ నేల మీద కృష్ణజింకను వేటాడింది చిరుత కాదు, చీతా. చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. తోడేళ్లు ఎప్పుడైనా కనిపిస్తాయి. ఇప్పుడు జింక పిల్లలకు ఎక్కువ ప్రమాదం ఊరకుక్కల వల్లే.

వేట గురించి పాలమూరులో మాట్లాడితే నిజాం ప్రస్తావన రాకుండా ఉండదు. జిల్లాకు పేరిచ్చిన మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరు మోసినవాడు. అమ్రాబాద్ గుట్టల మీద ఫరహాబాద్‌లో నిజాంల షికారు బంగ్లా ఉండేది. రచ్చకట్ట మీద ఒక తాత అన్న మాట నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది: "దొరలు కొడితే షికారు, మేం కొడితే కేసు. ఇప్పుడు డాలర్లు ఉన్నోడు కొడితే సంరక్షణనా?" కోపంతో అన్న మాటే, కానీ ఈ మొత్తం వ్యవహారంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మార్ఖోర్ లెక్క అసలు ఎట్లా నడిచింది

పెద్ద జంతువుల వేటగాళ్లకు అంతర్జాతీయ సంఘాలు పాతవే. సిఐసి అని పిలిచే సంస్థ 1930లో మొదలైంది. అమెరికాలోని సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ 1970ల నాటిది. కొమ్ములు కొలిచి రికార్డు పుస్తకాల్లో ఎక్కించడం, వేట పర్మిట్లు వేలం వేయడం, ప్రభుత్వాల దగ్గర వేటకు అనుకూలంగా వాదించడం, కొన్నిచోట్ల సర్వేలకూ కాపలాకూ డబ్బివ్వడం ఇవన్నీ ఈ రకం సంఘాల పనుల్లో ఉంటాయి. వాళ్ల వాదన ఒక్కటే: జంతువుకు ధర ఉంటే దాన్ని ఊరివాళ్లే కాపాడతారు.

ఈ వాదనకు ఆసియాలో అందరూ చూపించే ఉదాహరణ బలూచిస్తాన్‌లోని టోర్‌ఘర్ కొండలు. అఫ్గాన్ యుద్ధం రోజుల్లో ఆ ప్రాంతానికి ఆటోమేటిక్ తుపాకులు వెల్లువలా వచ్చాయి. 1980ల మధ్యకల్లా సులేమాన్ మార్ఖోర్లు వంద కూడా మిగల్లేదని అంచనా వేశారు. అప్పుడు అక్కడి పఠాన్ తెగ పెద్దలు ఒక నిర్ణయం తీసుకున్నారు. తెగవాళ్లందరూ వేట మానాలి. వేటాడే చేతులున్న మనుషులకే జీతమిచ్చి కాపలా పెట్టాలి. ఆ జీతాల కోసం ఏడాదికి కొద్ది జంతువుల్ని, అదీ ముసలి మగవాటిని మాత్రమే, విదేశీ వేటగాళ్లకు అమ్మాలి. 1994లో ఈ పని చూసే సంఘాన్ని రిజిస్టర్ చేశారు. అదే ఏడాది సర్వేలో మార్ఖోర్లు 695 అని తేలింది, 2005 నాటికి 2,541. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం కింద 1997లో పాకిస్తాన్ మొత్తానికి ఏడాదికి 6 మార్ఖోర్ల ఎగుమతికి అనుమతి దొరికింది, 2002లో దాన్ని 12 చేశారు. ఉత్తరాన చిత్రాల్, గిల్గిట్ లోయల్లోనూ ఇదే పద్ధతి వచ్చింది. ఫీజులో 80 శాతం ఊరి సంఘానికి, 20 శాతం ప్రభుత్వానికి. 2015లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయుసిఎన్ మార్ఖోర్‌ను 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వర్గం నుంచి రెండు మెట్లు దించి 'ముప్పుకు దగ్గరగా ఉన్న' వర్గంలో పెట్టింది.

నాకు వేటంటే ఇష్టం లేదు. అయినా ఈ లెక్క చదివినప్పుడు టోర్‌ఘర్ మనుషుల మీద గౌరవం కలిగింది. చేతిలో తుపాకీ ఉండి, ఎదురుగా మాంసం ఉండి, పదేళ్ల తర్వాత వచ్చే ఫలితం కోసం ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీయడం చిన్న విషయం కాదు.

అయితే వేట ఫీజు వచ్చిన ప్రతిచోటా ఇదే జరగలేదు. నేపాల్‌లో ధోర్‌పాటన్ అనే వేట రిజర్వు ఉంది, 1,325 చదరపు కిలోమీటర్లు. అక్కడ నీలిగొర్రెను కొట్టడానికి విదేశీయులు వస్తారు. ఫీజు ప్రధానంగా సర్కారు ఖజానాకు చేరుతుంది, పక్క ఊళ్లవాళ్లకు దక్కేది చాలా తక్కువన్నది ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. తజికిస్తాన్, మంగోలియాల్లో ఆర్గలీ గొర్రెల వేట మీదా ఇలాంటి గొడవే: డబ్బు కంపెనీలకు, ఆఫీసులకు పోయి, గొర్రెల కాపరికి ఏమీ మిగలడం లేదని. అదే తజికిస్తాన్‌లో మార్ఖోర్లను స్థానిక కుటుంబాలే కాపాడి, వేట హక్కు కూడా వాళ్ల చేతిలోనే ఉన్నచోట అవి మళ్లీ పెరిగాయి. తుపాకీ అన్ని చోట్లా ఒకటే, డబ్బు ఎవరి చేతికి వచ్చిందన్నదే వేరు. ట్రోఫీ వేట, అంటే కొమ్ములూ తలా గుర్తుగా దాచుకోవడానికి చేసే వేట గురించి 2012లో ఐయుసిఎన్ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ లాభం స్థానికులకు అందాలన్నది ముఖ్యమైన షరతు.

మన జింకకు ఎందుకు కుదరదు

నెల తర్వాత ఊరికి తిరిగి వెళ్లి ఇదంతా చెప్పాను. చట్టం సంగతి చివర్లో చెప్పాలనుకున్నాను. ముందు చట్టం చెబితే మిగిలింది ఎవరూ వినరు.

మొదట ధర. కృష్ణజింక మన గడ్డ మీది జంతువే అయినా 1932లోనే అమెరికాలోని టెక్సాస్‌కు చేరింది. అక్కడి ప్రైవేటు పశుక్షేత్రాల్లో వేలల్లో పెరిగింది. కొన్ని వేల డాలర్లు కడితే ఎవరైనా అక్కడ చట్టబద్ధంగా కొట్టుకోవచ్చు. ఇంటి దగ్గర దొరికేదాని కోసం ఎవరూ కోట్లు పోసి మాగనూరు రారు. మార్ఖోర్‌కు అంత ధర రావడానికి కారణం అది దొరకకపోవడం. (టెక్సాస్ మందల వల్ల ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. పాకిస్తాన్‌లో కృష్ణజింక పూర్తిగా అంతరించాక లాల్ సుహాన్రా పార్కులో మళ్లీ పెంచడానికి 1970లలో జంతువుల్ని అక్కడినుంచే తెచ్చారు.)

రెండోది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఏ జంతువును కొడతారన్నది. ట్రోఫీ వేటగాడు అడిగేది పొడుగు కొమ్ముల ముసలి నల్ల ఇర్రిని. పత్తి మొలక మేసేది లేళ్లు, పిల్లలు, కుర్ర మగవి కలిసిన గుంపు. ఏడాదికి రెండు ఇర్రుల్ని కొట్టినా పెద్దాయన చేనులో ఒక్క మొలక కూడా ఎక్కువ మిగలదు. మార్ఖోర్ ఉండేది కొండ చరియల మీద, పొలాల్లో కాదు. అక్కడ వేట ఫీజు కాపలాకు జీతం. ఇక్కడ మన బాధ పంట నష్టం. రెండూ వేర్వేరు జబ్బులు, మందు ఒకటే ఎట్లా అవుతుంది?

మూడోది చట్టం. విదేశీ వేటగాళ్లను తీసుకొచ్చి పులుల్ని కొట్టించే షికారు కంపెనీలు మన దేశంలోనూ ఉండేవి. 1969లో ఢిల్లీలో ఐయుసిఎన్ మహాసభ జరిగింది, 1970లో పులుల వేట ఆపేశారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. మొదటి షెడ్యూల్ జంతువును పంట మేసిందన్న కారణంతో చంపడానికి 11వ సెక్షన్ కింద అనుమతి రాదు. మనిషి ప్రాణానికి ముప్పైతేనో, కోలుకోలేని గాయమో రోగమో ఉంటేనో మాత్రమే, అదీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఇవ్వాలి. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. అడవిపంది సంగతి వేరు. అది రెండో షెడ్యూల్‌లో ఉంది, పంటకు నష్టం చేస్తే అనుమతి తీసుకుని మట్టుబెట్టే దారి ఉంది.

ఈ తేడా చెప్పగానే సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక అక్క లేచి, "మరి మా చేన్ల జింక మేసిందో పంది మేసిందో మాకు ఎట్ల తెలుస్తది? పొద్దుగాల పోయి చూస్తే అన్నీ జింకలే అనుకుంటం," అన్నది. మా అసలు పని ఆ ప్రశ్నతోనే మొదలైంది.

చేనులో కూర్చుని చూసినవి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో యాసంగి జొన్న, వేరుశనగ చేన్లలో తెల్లవారకముందే వెళ్లి కూర్చున్నాం. నాతో పాటు ఊరి కుర్రాళ్లు ఇద్దరు. నేలంతా తిరగేసి, మొక్కను వేరుతో లేపి, నడిచిన దారిలో కర్రలు విరిచేసిందంటే అది రాత్రి వచ్చిన పంది. మొక్క నిలబడే ఉండి చిగురు మాత్రం కత్తిరించినట్టు పోతే జింక. జింక గిట్ట జాడ సన్నగా, ముందు మొనదేలి ఉంటుంది. పంది జాడ వెడల్పు, వెనక రెండు చిన్న గుర్తులు పడతాయి. మగ ఇర్రి తన హద్దులో ఒకేచోట మళ్లీ మళ్లీ పెంటికలు వేస్తుంది, కుప్ప కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఆ కుర్రాళ్లు నాకంటే బాగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. వేరుశనగలో జింక మీద వేసిన నష్టంలో చాలావరకు పందిదని తేలింది.

ఇంకోటి కూడా కళ్లారా చూశాం. ఈ ఊళ్లో అందరూ చేను చుట్టూ పాత చీరలు కడతారు. ఒక పొద్దున ఒక గుంపు ఆకుపచ్చ చీర దగ్గరికి వచ్చి ఆగింది. ముందున్న లేడి మెడ చాచి వాసన చూసింది. అంత ఎత్తు ఎగిరే జంతువు, ఒక్క గెంతులో దాటుతుందనుకున్నాను. దాటలేదు. మోకాళ్లు వంచి, వీపు కిందికి దించి, చీర అంచు కింది నుంచి దూరింది. దాని వెనక ఒక్కొక్కటీ అట్లాగే. చివర ఉన్న పిల్ల చీరలో చిక్కుకుని కాసేపు తన్నుకుని బయటపడింది. మనం ఎత్తు పెంచుతూ పోతున్నాం, అది కింది నుంచి వస్తోంది. ఆ రోజే అందరికీ చెప్పాం: చీర అంచు నేలను తాకాలి, మధ్య మధ్య రాయి పెట్టాలి. పైసా ఖర్చు లేని ఈ మార్పు మేం చేసిన వాటిలో అన్నిటికంటే త్వరగా పాకింది.

టోర్‌ఘర్ నుంచి అరువు తెచ్చుకున్నది

వేటను పక్కన పెట్టి, టోర్‌ఘర్‌లో పనిచేసిన మిగతా దాన్ని తీసుకున్నాం. కాపలా ఊరివాళ్లే కాయాలి, వాళ్లకు కూలి దక్కాలి, డబ్బు లెక్క ఊళ్లోనే ఉండాలి. ఇది మనకు మరీ కొత్తేమీ కాదు. తరతరాలుగా వేట మీద, తేనె మీద బతికిన చెంచులే ఇవాళ అమ్రాబాద్ పులుల రిజర్వులోని బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పనిచేస్తున్నారు.

పత్తికి ప్రమాదం మొలిచినప్పటి నుంచి మొదటి మూడు, నాలుగు వారాలు. ఆ తర్వాత జింక దాని జోలికి పెద్దగా రాదు. పక్కపక్కన చేన్లున్న కుటుంబాలు ఒక జట్టుగా చేరాయి. వర్షం పడ్డాక అందరూ ఒకే వారంలో విత్తాలి. ముందు మొలిచిన ఒక్క చేను మీద గుంపంతా పడే బాధ దాంతో తగ్గుతుంది. ఎకరానికి ఇంత అని చందా వేసుకుని, ఆ నాలుగు వారాలు పొద్దున, సాయంత్రం గస్తీకి ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకోవాలి. పత్తి విత్తనాల ప్యాకెట్ 2025లో తొమ్మిది వందల రూపాయలు ఉండేది. మళ్లీ విత్తితే ఆ ఖర్చుతో పాటు కూలీ, కాలం కూడా పోతాయి. ఆ లెక్క చూశాక చందాకు ఎవరూ పెద్దగా అడ్డం చెప్పలేదు.

గస్తీకి కుక్కల్ని తీసుకెళ్తామన్నారు. వద్దన్నాను. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం కూడా. పైగా కుక్క రుచి మరిగితే పొదలో దాక్కున్న పిల్లల్ని వదలదు. చేను గట్టు మీద నిలబడి కేకలు వేయడం, డబ్బా కొట్టడం వరకే అని రాసుకున్నాం. పందుల కోసం కరెంటు తీగలు పెట్టే అలవాటు మీద గట్టిగా గొడవ పడాల్సి వచ్చింది. ఆ తీగ మనిషినీ, జింకనూ వేరుగా చూడదు. జట్టులో ఒకాయన మా మాట వినక జట్టు వదిలి వెళ్లిపోయాడు.

మృగశిర కార్తె దాటాక మొదలైన వానాకాలం అట్లా గడిచింది. జట్టు లోపల మళ్లీ విత్తాల్సి వచ్చినవాళ్లు చాలా తగ్గారు. మొదట్లో రచ్చకట్ట మీద అడిగిన పెద్దాయన చేను అంచున రెండు సాళ్లు పోయాయి, మిగతాది నిలిచింది.

కానీ ఒక తప్పు జరిగింది, ఆ తప్పు నాదే. మా చేన్ల నుంచి అదిలించిన గుంపు ఎక్కడికి పోతుందో నేను ముందే ఆలోచించలేదు. వాగు దాటి పక్క ఊరి కంది, పత్తి మీద పడింది. జూలైలో ఆ ఊరివాళ్లు వచ్చి మా గస్తీ కుర్రాళ్లను నిలదీశారు. మాట మాట పెరిగి ఒకరి చొక్కా చిరిగింది. టోర్‌ఘర్‌లో కొండంతా ఒకే తెగది, అందరూ ఒకే సంఘం. ఇక్కడ జింకలది ఒక మేత నేల, దాన్ని పంచుకునే ఊళ్లు నాలుగైదు. ఒక్క ఊరితో పని మొదలుపెట్టడమే తప్పని ఆ రోజు అర్థమైంది.

పరిహారం దగ్గరా చేతులు కాలాయి. నష్టపోయిన ప్రతి చేనుకూ తేదీ, లొకేషన్ వచ్చేట్టు ఫోటోలు తీసి, జింకదా పందిదా వేరు చేసి, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సంతకంతో దరఖాస్తులు కట్టాం. ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసుకు పంపితే పాత ఫారం కాదు కొత్తది తెమ్మన్నారు. రెండు చోట్ల ఇంకా పెండింగ్‌లోనే ఉన్నాయి. మార్ఖోర్ ఊరికి వేట ఫీజు చేరకపోతే టోర్‌ఘర్ కాపలా నిలిచేది కాదు. ఇక్కడ జింకకు రోజూ మేత పెడుతున్న రైతుకు అసలు ఏ సీజన్‌లో డబ్బు చేరుతుందో చెప్పేవాళ్లు లేరు. ప్రాణం పోయినా జింకను కొట్టబోమని ఈ ఊరివాళ్లు నాకు మాటిచ్చారు. ఆ మాట ఖరీదు వాళ్ల ఒక్కళ్ల మీదే పడటం అన్యాయం.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో చేన్ల మీద పడుతున్న కృష్ణజింకల్ని హెలికాప్టర్‌తో మెల్లగా నడిపించి, గరాటు ఆకారంలో కట్టిన బోమా అనే దడిలోకి పంపి, లారీల్లో అభయారణ్యానికి తరలించారు. బోమా దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పద్ధతి, పట్టిన బృందంలోనూ అక్కడి నిపుణులున్నారు. ఊళ్లో ఆ వీడియో కూడా తిరిగింది, మళ్లీ ఆశ పుట్టింది. తరలింపు మన దగ్గరా జరగాలనే నేను అంటాను. కానీ పట్టుకెళ్లి వదలడానికి గడ్డి నేల ముందు కావాలి, గైరాన్లలో మిగిలిన ముక్కల్ని కాపాడుకోకుండా ఎన్నిసార్లు తరలించినా లాభం లేదు.

ఆ తర్వాతి నెల, నవంబరులో, కేంద్రం ఇంకో ప్రకటన చేసింది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా అనే కేంద్ర పంటల బీమా పథకంలో చేరుస్తామని. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో లొకేషన్ ఉన్న ఫోటోలతో యాప్‌లో చెప్పాలి. ఆ అలవాటు మా జట్టుకు ఇప్పటికే వచ్చింది. జాబితాలో కృష్ణజింక పేరు ఉండాలని మండలంలోని రైతులతో అర్జీలు పెట్టిస్తున్నాం.

2026 సంక్రాంతి తర్వాత మళ్లీ అదే రచ్చకట్ట మీద కూర్చున్నాం. ఈసారి వాగు అవతలి ఊరి పెద్దల్ని కూడా పిలిచాం. గస్తీ రెండు ఊళ్లకూ కలిపి, చందా ఎకరాల లెక్కన, వాగు వెంట మిగిలిన గైరాన్ ముక్కను ఎవరూ దున్నకూడదు అని తీర్మానం రాశాం. మన ఊరివాళ్లు సంతకాలు పెట్టారు. వాగు అవతలివాళ్లు కాగితం తీసుకుని, ఊళ్లో ఒకసారి చదివి చెబుతామని వెళ్లారు. అప్పటికి మృగశిరకు ఇంకా నాలుగు నెలలు ఉంది.